సోషల్ సెక్యూరిటీ బాకీకి జీతంలో కోత పెడతామని నోటీసొస్తే ఏం చేయాలి

ముందు ఒక్క మాట చెప్తాను, ఆ కవరు పట్టుకుని ఇప్పుడే మీ హెచ్ఆర్ దగ్గరికి వెళ్లకండి. వాళ్ల చేతిలో ఏమీ లేదు, ఆర్డర్ ఇంకా వాళ్లకి రాలేదు, వచ్చాక కూడా వాళ్లు పైసా తగ్గించలేరు. తగ్గించగలిగేది ఆపగలిగేది సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఒక్కటే, అది కూడా మీరు కాగితం మీద అడిగితేనే.

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. 2018లో మీ ఆయన పోయారు, అప్పటికి పిల్లలిద్దరూ చిన్నవాళ్లు, ఎస్ఎస్ఏ, అంటే సోషల్ సెక్యూరిటీ వాళ్లు పిల్లలకీ మీకూ సర్వైవర్ బెనిఫిట్స్ (పోయినవాళ్ల కుటుంబానికిచ్చే నెలవారీ డబ్బు) ఇచ్చారు. 2021లో మీరు ఉద్యోగంలో చేరారు. 2023 ఆగస్టులో చిన్నబ్బాయికి 16 నిండాయి, మీ వంతు డబ్బు ఆగిపోయింది. మధ్యలో డాలస్‌లోనే ఇల్లు మారారు, కొన్ని ఉత్తరాలు అందలేదు, అందిన ఒకటి రెండు భయంతో పక్కన పెట్టేశారు. ఇప్పుడు 18,600 డాలర్లు ఎక్కువ ఇచ్చాం, కట్టకపోతే జీతంలో 15 శాతం పట్టుకుంటాం అని నోటీసొచ్చింది. కోర్టు లేకుండా ఎలా పట్టుకుంటారు, టెక్సస్‌లో జీతం ముట్టుకోకూడదంటారు కదా, ఉద్యోగం పోతుందా, పిల్లల మీద పడుతుందా అని అడిగారు.

నేను లాయర్‌ని కాదండీ. ఇక్కడ పేరోల్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఇలాంటి ఆర్డర్లు వస్తే పే చెక్‌లోంచి లెక్కగట్టి తీసేది మా టేబుల్ మీదే. దానికి తోడు మనవాళ్లలో పెద్దవాళ్లకి ఎస్ఎస్ఏ ఫారాలు నింపడంలో సాయం చేస్తుంటాను కాబట్టి రెండు వైపులా ఎలా నడుస్తుందో కొంచెం తెలుసు.

కోర్టు సంగతి. క్రెడిట్ కార్డు వాడికి బాకీ ఉంటే వాడు కేసు వేసి జడ్జిమెంట్ తెచ్చుకోవాలి, ఫెడరల్ గవర్నమెంటుకి ఆ అవసరం లేదు, 1996లో వచ్చిన డెట్ కలెక్షన్ ఇంప్రూవ్‌మెంట్ యాక్ట్ కింద ఏ ఫెడరల్ ఏజెన్సీ అయినా నోటీసిచ్చి, మీరు అభ్యంతరం చెప్పుకోడానికి అవకాశమిచ్చి, తర్వాత నేరుగా మీ ఎంప్లాయర్‌కి ఆర్డర్ పంపొచ్చు. టెక్సస్ రాజ్యాంగంలో జీతం గార్నిష్ చేయకూడదని, అంటే అప్పు కింద జీతంలోంచే పట్టుకోకూడదని ఉన్న మాట నిజమే, చైల్డ్ సపోర్ట్ లాంటివాటికి తప్ప మామూలు అప్పులవాళ్లు అక్కడ జీతం జోలికి రాలేరు, అందుకే మన ఫ్రెండ్స్ సర్కిల్లో అందరూ మీకు ధైర్యం చెప్పి ఉంటారు. కానీ ఇది ఫెడరల్ బాకీ, ఫెడరల్ చట్టం ముందు రాష్ట్రం రూలు నిలబడదు. టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉన్నా న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉన్నా ఒకటే.

ఇప్పుడే ఎందుకొచ్చింది అంటారేమో. మీకు నెలనెలా బెనిఫిట్ వస్తూ ఉంటే వాళ్లు అందులోంచే పట్టుకునేవాళ్లు, జీతం దాకా రారు. మీ బెనిఫిట్ ఆగిపోయింది కాబట్టి పట్టుకోడానికి అక్కడేమీ లేదు, కట్టే ఒప్పందం లేదు, అప్పీలు పెండింగులో లేదు, ఉత్తరాలకి జవాబు లేదు. ఈ నాలుగూ కలిస్తేనే ఫైలు గార్నిష్‌మెంట్ వైపు కదులుతుంది. అంటే అందులో ఒక్కటి మారినా ఆగే అవకాశం ఉందన్నమాట, మీరు చేయాల్సిన పనంతా ఇక్కడే ఉంది.

కవరు మళ్లీ తీసి తేదీ చూడండి. ఎస్ఎస్ఏ నోటీసుకి, ఆ కాగితం మీదున్న తేదీ నుంచి 60 రోజులు టైముంటుంది, ఆలోపు మీరు రివ్యూ అడిగితే రివ్యూ తేలేదాకా ఎంప్లాయర్‌కి ఆర్డర్ పంపరు. 60 దాటాక అడిగినా వింటారు గానీ ఈలోపు కోత మొదలైపోతుంది. వేరే ఏజెన్సీల నోటీసుల్లో గడువు ఇంకా తక్కువ ఉంటుంది, కొన్నిట్లో 15 పని దినాలే, కాబట్టి ఎవరో చెప్పిన లెక్క కాకుండా మీ కాగితంలో రాసిందే చూసుకోండి. ఫోన్‌లో చెప్పాను వాళ్లు నోట్ చేసుకున్నారు అంటే సరిపోదు, రాతలో పంపండి, సర్టిఫైడ్ మెయిల్‌లో రిటర్న్ రిసీట్ పెట్టి పంపండి, లేదా అపాయింట్‌మెంట్ తీసుకుని లోకల్ ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద తేదీ స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు ఉన్న కాపీ రేపు మీకు బంగారం.

ఇంకో చిన్న విషయం, నోటీసు అసలుదేనా అని కూడా చూసుకోండి. మనవాళ్లకి సోషల్ సెక్యూరిటీ నుంచి అంటూ ఫోన్లు చేసి గిఫ్ట్ కార్డులు కొనమనే దొంగలు ఎక్కువయ్యారు. కాగితం మీదున్న నంబరుకి కాకుండా 1-800-772-1213 మీరే డయల్ చేసి బాకీ ఉందా ఎంతుంది అని అడగండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగితే ఫ్రీగా లైన్లోకి తెస్తారు, కాస్త వెయిట్ చేయాల్సి వస్తుందంతే. మీ ఇంగ్లీష్ బాగానే ఉంది కదా అనుకోకండి, డబ్బు మాట్లాడేటప్పుడు మన భాషలో మాట్లాడితే ఆ తేడా వేరే.

ఇప్పుడు అసలు విషయం, ఆ 18,600 కరెక్టేనా? చాలామంది ఈ ప్రశ్నే వేసుకోరు, గవర్నమెంట్ పంపింది కాబట్టి కరెక్టే అయ్యుంటుంది అనుకుని ఎలా కట్టాలా అని ఏడుస్తూ కూర్చుంటారు.

మీకొచ్చింది మదర్స్ బెనిఫిట్. 16 ఏళ్లలోపు బిడ్డని చూసుకుంటున్న తల్లికి ఇచ్చేది. దానికి సంపాదన పరిమితి ఉంటుంది, ఏడాదికింత అని, ఆ లిమిట్ దాటిన ప్రతి 2 డాలర్లకీ 1 డాలర్ చొప్పున మీ బెనిఫిట్‌లోంచి తగ్గించాలి. 2021లో లిమిట్ 18,960, 2022లో 19,560, 2023లో 21,240. మీరు 2022లో మీ జీతం 33,560 అన్నారు, లిమిట్ తీసేస్తే 14,000 ఎక్కువ, అందులో సగం 7,000, అంటే ఆ ఏడాది మీకొచ్చిన బెనిఫిట్‌లో 7,000 వెనక్కివ్వాలి. ఇలా మూడేళ్లదీ మీ డబ్ల్యూ-2లు (ఎంప్లాయర్ ఏడాదికోసారి ఇచ్చే జీతం కాగితం) ముందు పెట్టుకుని మీరే వేయండి. చూడాల్సింది టాక్స్ పోగా చేతికొచ్చింది కాదు, మొత్తం జీతం, 401కేలోకి, అంటే రిటైర్‌మెంట్ పొదుపులోకి వెళ్లింది కూడా కలిపి. మీ డబ్ల్యూ-2లో సోషల్ సెక్యూరిటీ వేజెస్ అని ఒక బాక్సుంటుంది, దాన్ని పట్టుకుంటే దగ్గరగా ఉంటుంది. ఒకవేళ మీ పేరు మీద ఎవరిదో జీతం పడి ఉంటే, లేదా పాత ఎంప్లాయర్ రెండుసార్లు రిపోర్ట్ చేసి ఉంటే, అక్కడే బయటపడుతుంది.

తర్వాత ఇది చాలా ముఖ్యం, మీ సంపాదన మీ బెనిఫిట్‌నే తగ్గిస్తుంది, పిల్లల వంతుని కాదు. సర్వైవర్ కేసుల్లో ఎవరి సంపాదన వాళ్ల డబ్బుకే లెక్క. కాబట్టి ఆ 18,600లో పిల్లలకిచ్చిన డబ్బేమైనా కలిపారా చూడండి. కలిపితే దానికి వేరే కారణం ఉండాలి, ఉదాహరణకి పెద్దమ్మాయికి 18 నిండి హైస్కూల్ అయిపోయాక కూడా డబ్బు వచ్చి ఉంటే అది వేరే ఓవర్‌పేమెంట్, అంటే రావాల్సిన దానికంటే ఎక్కువ ఇచ్చిన డబ్బు. పిల్లల డబ్బు మీ చేతికే వచ్చేది కదా, మీరు వాళ్లకి రిప్రజెంటేటివ్ పేయీ, అంటే వాళ్ల తరఫున డబ్బు తీసుకునే మనిషి, అందుకని కొన్నిసార్లు అన్నీ ఒకే మూటగా కనిపిస్తాయి. నెలవారీగా ఎవరికెంత ఇచ్చారు, ఎంత ఇవ్వాల్సింది అని బ్రేకప్ అడగండి, మీ ఫైలు చూసే హక్కు కాపీ తీసుకునే హక్కు మీకుంది, నోటీసులోనే ఆ మాట ఉంటుంది.

2023 సంగతి ప్రత్యేకంగా చూడాలి. మీ అబ్బాయికి 16 నిండి బెనిఫిట్ ఆగిన సంవత్సరం అది, అలా ఆగిన సంవత్సరానికి నెలవారీ పరీక్ష అని ఒక రూలుంది. అంటే మొత్తం ఏడాది జీతంతో పాటు నెలనెలా కూడా చూడాలి, ఆ ఏడాది నెలకి 1,770 లేదా అంతకంటే తక్కువ సంపాదించిన నెలలుంటే ఆ నెలల డబ్బు మీదే. జనవరి నుంచి జులై లోపల మీరు ఎప్పుడైనా లీవ్‌లో ఉన్నారా, గంటలు తగ్గించారా, ఇండియా వెళ్లారా? ఉంటే ఆ పే స్టబ్‌లు తీయండి. ఆగస్టు తర్వాత మీరు ఓవర్‌టైం చేసి ఎంత సంపాదించినా దానికోసం మీకు బెనిఫిట్ వచ్చిన నెలల్లో తక్కువ పనిచేసినవాటిని తినేయడానికి లేదు. పైగా ఒక ఏడాదిలో మీకొచ్చిన దానికంటే ఎక్కువ ఆ ఏడాది కింద అడగడం కుదరదు. కంప్యూటర్ మామూలు ఏడాది లెక్కే వేసి పంపేసిన కేసులు ఉంటాయి, అడిగితేనే మనిషి చూస్తాడు.

లెక్క తప్పనిపిస్తే మళ్లీ చూడమని అడగడానికి ఎస్ఎస్ఏ-561 అనే ఫారం, దాన్ని రీకన్సిడరేషన్ అంటారు. దానికి మొదటి ఓవర్‌పేమెంట్ ఉత్తరం అందినప్పటి నుంచి 60 రోజులే, పోస్టుకి 5 రోజులు కలుపుతారు. మీకు ఆ టైము ఎప్పుడో దాటిపోయింది. అయినా వదలొద్దు, ఇల్లు మారడం వల్ల ఉత్తరం అందలేదు అనేది ఆలస్యానికి ఒప్పుకునే కారణమే, పాత లీజు కొత్త లీజు, పోస్టాఫీసు (యూఎస్‌పీఎస్) అడ్రస్ మార్పు కన్ఫర్మేషన్ జత చేసి ఎందుకు లేటయిందో రాసివ్వండి. అందిన ఉత్తరాలు తెరవలేదన్న సంగతి దాచి అసలేమీ రాలేదని రాయకండి, ఏది అందింది ఏది అందలేదు అని ఉన్నదున్నట్టు రాయండి, వాళ్ల దగ్గర ఏ అడ్రస్‌కి ఎప్పుడు పంపారో రికార్డుంటుంది.

లెక్క కరెక్టే అనుకుందాం, అప్పుడు వేవర్, అంటే బాకీ మాఫీ చేయమని అడగడం. ఎస్ఎస్ఏ-632. దీనికి గడువే లేదు, ఎప్పుడైనా వేయొచ్చు, సగం కట్టాక కూడా వేయొచ్చు, ఇది వేస్తే మొదటి నిర్ణయం వచ్చేదాకా వసూలు ఆపుతారు. నన్నడిగితే మీ కేసులో అన్నిటికంటే గట్టి కాగితం ఇదే, చాలామందికి దీని పేరు కూడా తెలీదు. రెండు విషయాలు చూపించాలి. ఒకటి, ఎక్కువ డబ్బు రావడంలో మీ తప్పు లేదు అని. రెండు, ఇప్పుడు వెనక్కి కట్టాలంటే ఇల్లు గడవదు అని, లేదా కట్టమనడం న్యాయం కాదు అని.

మొదటిదే కష్టం. ఉద్యోగంలో చేరినప్పుడు మీరు వాళ్లకి చెప్పారా? మీరు ఈ సంగతి రాయలేదు. చెప్పి ఉంటే ఎప్పుడు ఎవరితో ఎలా చెప్పారో గుర్తు చేసుకోండి, ఫోన్ బిల్లులో ఆ 800 నంబరు కాల్ ఉందేమో వెతకండి, ఆఫీసుకి వెళ్లి పే స్టబ్ ఇచ్చి ఉంటే రసీదుందేమో చూడండి. మీరు చెప్పాక కూడా వాళ్లు పంపుతూనే ఉంటే మీ పక్షం చాలా బలపడుతుంది. వాళ్ల మనిషే ఏం పర్లేదమ్మా పని చేసుకోవచ్చు అని తప్పుగా చెప్పి ఉంటే అదీ రాయండి. చెప్పలేదంటే, ఎందుకు చెప్పలేదో నిజం రాయండి. బెనిఫిట్‌కి అప్లై చేసినప్పుడు మొగుడు పోయి నెలలు కాలేదు, ఎస్ఎస్ఏ ఇంటర్వ్యూలో ఆ పిల్ల గబగబా ఏదో చదివింది సంతకం పెట్టమంది పెట్టాను, పిల్లల డబ్బు ఇంతకాలం వస్తుందని అర్థమైంది గానీ నా ఉద్యోగానికీ దీనికీ లింకుందని తెలీలేదు అని. ఇలాంటివి సాకులు అనుకుంటారని మనవాళ్లు సిగ్గుపడి రాయరు. కానీ తప్పుందా లేదా తేల్చేటప్పుడు మనిషి వయసు, చదువు, ఒంటి మనసు పరిస్థితి, ఇంగ్లీష్ ఎంతవరకు వచ్చు అన్నవి కూడా చూడాలని వాళ్ల రూల్లోనే రాసి ఉంది. భాష ఇబ్బంది అనేది మీకు జాలితో ఇచ్చేది కాదు, వాళ్లు తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవాల్సింది.

రెండో దానికి ఫారంలో ఆదాయం ఖర్చుల పేజీలుంటాయి. ఇక్కడ మనవాళ్లు చేసే పని ఏంటంటే పరువు కోసం అంతా బాగానే ఉన్నట్టు నింపేస్తారు, అద్దె ఇంత, గ్రోసరీ ఇంత, అయిపోయింది. కారు ఇన్సూరెన్స్, గ్యాస్, డెంటిస్ట్ బిల్లు, పిల్లల స్కూల్ ఫీజులు, మందులు, ఫోన్లు, క్రెడిట్ కార్డు మినిమం పేమెంట్ అన్నీ రాయండి, బ్యాంక్ స్టేట్‌మెంట్ మూడు నెలలది ముందు పెట్టుకుని రాస్తే ఏదీ మర్చిపోరు. ఇండియాలో అత్తమామలకి నెలనెలా పంపేది రాయొచ్చు, కానీ దాన్ని తప్పనిసరి ఖర్చుగా ఒప్పుకుంటారని దాని మీద లెక్కలు కట్టుకోకండి.

ఆస్తులు కూడా అడుగుతారు, ఇక్కడ జాగ్రత్త. మీ ఆయన ఇన్సూరెన్స్ డబ్బు ఏ అకౌంట్లో ఉన్నా, విజయవాడలో ప్లాటున్నా, ఇండియా బ్యాంకులో ఎన్ఆర్ఓ అకౌంట్లో ఎఫ్‌డీ ఉన్నా రాయాలి. అమెరికా వాళ్లకి ఎలా తెలుస్తుంది అనే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు, అది వినకండి, ఆ ఫారం అబద్ధం చెప్తే నేరం అనే డిక్లరేషన్ కింద సంతకం పెట్టేది, ఇప్పటిదాకా మీది మామూలు బాకీ, అబద్ధం రాశారంటే అది వేరే కేసయిపోతుంది. ప్లాటుంటే దాని పరిస్థితి కూడా రాయండి, ఉమ్మడి పేరు మీదుందా, కోర్టులో ఉందా, అమ్మితే వచ్చేదెంత అని.

వేవర్ కాదనబోయే ముందు వాళ్లు మీతో ముఖాముఖి మాట్లాడాలి, పర్సనల్ కాన్ఫరెన్స్ అంటారు. 1979లో కాలిఫానో వర్సెస్ యమసాకి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మనిషి తప్పుందా లేదా అనేది కాగితాలు మాత్రమే చూసి తేల్చడం కుదరదు, వాళ్ల మాట వినాలి అని. కాబట్టి ఆ అపాయింట్‌మెంట్ ఉత్తరం వస్తే తప్పకుండా వెళ్లండి, ఫోన్‌లో కూడా చేస్తారు. మీ ఆయన పోయినప్పటి పరిస్థితి అక్కడ మీ నోటితో చెప్తే ఉండే బరువు ఫారంలో ఉండదు.

వేవర్ రాకపోతే, లేదా వస్తుందో రాదో తెలీక నిద్ర పట్టకపోతే, వాయిదాలు. ఎస్ఎస్ఏ-634 అనే ఫారంతో నెలకింత కడతాను అని అడగొచ్చు. 2024 మార్చిలో వాళ్లే రూలు మార్చి 60 నెలల్లో తీరేలా అడిగితే పెద్దగా కాగితాలు అడక్కుండా ఒప్పుకుంటామన్నారు, అంతకుముందు 36 నెలలే ఉండేది. 18,600ని 60తో భాగిస్తే 310. అది కూడా కష్టమంటే ఇంకా తక్కువకి అడగొచ్చు, అప్పుడు ఆదాయం ఖర్చులు చూపించాలి. ఒప్పందం కుదిరి టైముకి కడుతున్నంతకాలం జీతం జోలికి రారు. కట్టేది పే డాట్ గవ్ సైట్లో, మీ బిల్లు మీద రెమిటెన్స్ ఐడీ అని ఉంటుంది అది కొట్టాలి. ఒక్క నెల తప్పినా ఫైలు మళ్లీ మొదటికి రావచ్చు కాబట్టి ఆటోపే పెట్టేయండి.

ఇక ఇవేవీ చేయకపోతే కోత ఎంతుంటుందో చెప్తాను, ఇది నా టేబుల్ లెక్క. 15 శాతం అనేది గ్రాస్ మీద కాదు. మొత్తం జీతంలోంచి ఫెడరల్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం తీసేయగా మిగిలిన దాని మీద. ఆ మిగిలినదాన్ని డిస్పోజబుల్ పే అంటారు. మీకు రెండు వారాలకి అలా 1,300 మిగిలిందనుకుంటే 15 శాతం 195. ఏడాదికి 26 చెక్కులు కాబట్టి నెలకి సగటున 422 దాకా. చూశారా, మీరే ముందుకెళ్లి 60 నెలలు అడిగితే 310, ఊరుకుంటే 422. 401కే పెంచేస్తే కోత తగ్గుతుందని కొందరు మాకు ఫారాలు పంపిస్తారు, తగ్గదు, 401కే మీ ఇష్టంతో వేసుకునేది కాబట్టి లెక్కలోంచి తీయరు. కాకపోతే కింద ఒక అడుగు గీత ఉంది, వారానికి ఫెడరల్ మినిమం వేజ్‌కి 30 రెట్లు, 7.25 ఇంటూ 30, అంటే 217.50 డాలర్లు మీ చేతిలో మిగలాలి. పార్ట్‌టైం చేసేవాళ్లకి ఇది పనికొస్తుంది, మీ జీతానికి దీనివల్ల తేడా రాదు.

ఆర్డర్ వచ్చాక కూడా ఇబ్బందిగా ఉంటే కోత తగ్గించమని అడగొచ్చు, ఫైనాన్షియల్ హార్డ్‌షిప్ అని. బిల్లులు చూపిస్తే 15 కంటే తక్కువ శాతానికి మారుస్తారు, కొత్త ఆర్డర్ ఎంప్లాయర్‌కి వస్తుంది, మేం దాని ప్రకారం తీస్తాం. మధ్యలో పరిస్థితి ఇంకా దిగజారితే మళ్లీ అడగొచ్చు, గంటలు తగ్గడం, ఆసుపత్రి, అలాంటివి.

ఇంకొకటి అడగాలి మిమ్మల్ని. ఇప్పుడున్న ఉద్యోగంలో ఎప్పుడు చేరారు? ముందు చేసిన చోట మిమ్మల్ని వాళ్లే తీసేసి ఉంటే, లేఆఫ్ లాంటిది, కొత్త ఉద్యోగంలో వరసగా 12 నెలలు నిండేదాకా గార్నిష్ చేయకూడదు. చట్టంలోనే ఉంది. కానీ ఆ సంగతి వాళ్లకి తెలిసే దారి లేదు, లేఆఫ్ లెటర్ జత చేసి మీరే చెప్పాలి. మీ అంతట మీరు మానేస్తే ఇది వర్తించదు.

ఉద్యోగం పోతుందా అన్నారు. ఈ ఆర్డర్ వచ్చిందన్న కారణంతో తీసేయడం, పనిలో చేర్చుకోకపోవడం, చర్య తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. పేరోల్ వైపు నుంచి చెప్తున్నా, మా దగ్గరికి చైల్డ్ సపోర్ట్, స్టూడెంట్ లోన్, ఐఆర్ఎస్ ఆర్డర్లు వస్తూనే ఉంటాయి, ఎవరూ మీ మేనేజర్ దగ్గరికెళ్లి కబుర్లు చెప్పుకోరు, సాఫ్ట్‌వేర్‌లో ఒక లైను ఎక్కుతుంది అంతే. కానీ చిన్న షాపులో, ఓనరే పేరోల్ చేసుకునే చోట, ఓనర్‌కి తెలుస్తుంది అది నిజం. మీ పనిచోటు అలాంటిదైతే ఆర్డర్ బయల్దేరక ముందే వాయిదాలు కుదుర్చుకోడానికి ఇంకో కారణం దొరికినట్టే.

జీతం గురించి ఇంత భయపడుతున్నారు గానీ టాక్స్ రీఫండ్ గురించి మీరు అడగలేదు, నాకు దాని గురించే ఎక్కువ బెంగ. ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ అని ఉంది, బాకీ దానికి పంపిస్తే ఫిబ్రవరిలో మార్చిలో మీరు ఎదురుచూసే ఫెడరల్ రీఫండ్ మొత్తం పట్టుకుపోవచ్చు, అక్కడ 15 శాతం పరిమితి ఏమీ లేదు. ఇద్దరు పిల్లలున్న హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా మీకు రీఫండ్ బాగానే వస్తూ ఉంటుంది కదా. దాని మీద ఆధారపడి అద్దె డిపాజిట్టో కారు రిపేరో పెట్టుకుని ఉంటే ముందే ఈ వేవర్, వాయిదాల సంగతి తేల్చుకోండి. క్రెడిట్ రిపోర్ట్‌లో కూడా ఎక్కించొచ్చు.

పిల్లల సంగతి. మీ సంపాదన వల్ల వచ్చిన బాకీ మీ పేరు మీదే ఉంటుంది, కానీ మీ ఆయన రికార్డు మీద పిల్లలకి ఇంకా బెనిఫిట్ వస్తూ ఉంటే అందులోంచి పట్టుకునే వీలు ఎస్ఎస్ఏకి ఉంది. ఇలాంటి భయానికి కారణం ఉంది, 2014లో దశాబ్దాల కిందటి తల్లిదండ్రుల బాకీలకి పెద్దయిన పిల్లల టాక్స్ రీఫండ్లు పట్టుకున్నారని వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చాక పెద్ద గొడవైంది, అప్పటి యాక్టింగ్ కమిషనర్ కారోలిన్ కోల్విన్ పదేళ్లు దాటిన ఆ రకం వసూళ్లు ఆపించారు. అవి పిల్లల పేరు మీద బెనిఫిట్ ఇచ్చిన కేసులు. అందుకే పైన చెప్పాను, మీ డబ్బెంత పిల్లల డబ్బెంత విడగొట్టించండి అని, వాళ్ల నంబర్ల మీద ఏదైనా బాకీ కనిపిస్తే వాళ్లు కాలేజీకి వెళ్లకముందే దాన్ని వేరేగా తేల్చాలి.

సిటిజన్‌షిప్‌కి అడ్డమా అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది, చాలామంది అదే భయంతో ఉత్తరాలు తెరవరు. సర్వైవర్ బెనిఫిట్ మీ ఆయన కట్టిన సోషల్ సెక్యూరిటీ టాక్స్ మీద వచ్చిన ఇన్సూరెన్స్ లాంటిది, వెల్ఫేర్ కాదు, పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతికే మనిషి అని ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది) లెక్కలోకి రాదు. ఓవర్‌పేమెంట్ రావడం దానంతటది నేరం కాదు. కానీ ఎప్పుడైనా ఎస్ఎస్ఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు నుంచి, కావాలని దాచారు, మోసం అనే మాటలతో ఉత్తరం వస్తే దానికి మీ అంతట మీరు ఒక్క లైను కూడా జవాబు రాయకుండా లాయర్ దగ్గరికి వెళ్లండి. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400 వేసేముందు కూడా ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌కి ఈ ఫైలు చూపించడం మంచిది.

సాయం ఎక్కడంటే, 211కి ఫోన్ చేస్తే మీ కౌంటీలో ఫ్రీ లీగల్ ఎయిడ్ ఎవరో చెప్తారు, ఓవర్‌పేమెంట్ కేసులు వాళ్లు రోజూ చూసేవే. ఎస్ఎస్ఏ వాళ్లు పలకకపోతే, కాగితాలిచ్చి నెలలైనా కదలకపోతే మీ కాంగ్రెస్ సభ్యుడి లోకల్ ఆఫీసు ఉంది, ఓటు లేకపోయినా ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే చాలు, ప్రైవసీ రిలీజ్ ఫారం ఒకటి సంతకం పెట్టిస్తారు, వాళ్లు ఎస్ఎస్ఏకి ఎంక్వైరీ పంపుతారు. ఆ ఎంక్వైరీ వెళ్లాక ఫైళ్లు ఎంత త్వరగా దొరుకుతాయో చూస్తే నవ్వొస్తుంది. దీనికి డబ్బులు తీసుకుని చేసిపెడతామనే ఏజెంట్లు మన గ్రూపుల్లో తిరుగుతుంటారు, వాళ్లకేమీ ఇవ్వకండి, ఈ ఫారాలన్నీ ఫ్రీ.

ఇది చదివే మిగతావాళ్లు ఒకటి గమనించండి, నేను చెప్పింది ఎస్ఎస్ఏ బాకీ గురించి మాత్రమే. కోవిడ్ టైములో తీసుకున్న అన్ఎంప్లాయ్‌మెంట్ వెనక్కి కట్టమని ఉత్తరమొస్తే అది స్టేట్ సంగతి, వసూలు పద్ధతి, అప్పీలు గడువు ఏ స్టేట్‌కి ఆ స్టేటే, ఈ 60 రోజులు 15 శాతం అక్కడ పట్టుకుని కూర్చుంటే దెబ్బతింటారు.

మీ విషయానికొస్తే ఈ వారంలో చేయాల్సింది రెండే. గార్నిష్‌మెంట్ నోటీసు మీద రివ్యూ కోరుతూ, బాకీ బ్రేకప్ అడుగుతూ, 2023కి నెలవారీ పరీక్ష చూడమంటూ ఒక పేజీ ఉత్తరం. దానితోపాటే వేవర్ ఫారం, అన్ని బిల్లులు పోగయ్యేదాకా ఆగకండి, ఉన్నవాటితో పంపించి మిగతావి తర్వాత ఇస్తానని రాయండి. లేటు రీకన్సిడరేషన్ మీ మూడేళ్ల లెక్క వేసుకున్నాక వేయొచ్చు, తేడా కనిపిస్తేనే. ఆ డబ్ల్యూ-2 అంకెలు, 2023లో నెలనెలా వచ్చిన జీతం, బెనిఫిట్ ఎంత వచ్చేదో ఇవి రాస్తే, సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ క్లెయిమ్ నంబరు గానీ ఎక్కడా పెట్టకుండా, నేను కూడా ఒకసారి లెక్క వేసి చూస్తాను.